సున్నా జరిపిన పటం

మా పనిలో ఒక అలవాటు ఉంది. పటం గీసినవాళ్ళు కింద కుడి మూలన తమ పేరు, సంస్థ పేరు చిన్న అక్షరాలతో వేసుకోవాలి. రేపు ఎవరైనా ఆ పటం పట్టుకొచ్చి ఇదేమిటని నిలదీస్తే జవాబు చెప్పాల్సిన మనిషి ఎవరో తెలియాలి కదా, అందుకు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో మా పెద్ద సైంటిస్టు ఒకాయన, పటం మీద నా పేరు లేదని దాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతికే ఇచ్చేశాడు. అప్పట్నుంచి వేస్తూనే ఉన్నాను. చెయ్యి దానంతటదే ఆ మూలకు పోతుంది. చివరికి పిల్లలకు చూపించడానికి గీసిన బొమ్మ మీద కూడా వేశాను. అక్కడే పప్పులో కాలేశాను.

కోపం తగ్గాక రాద్దామని చాలా రోజులు ఆగాను. తగ్గేటట్టు లేదు. కోపంతోనే రాస్తున్నాను.

నేను ఢిల్లీలో ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో పనిచేస్తాను. ఇల్లు ఢిల్లీని ఆనుకుని ఉన్న ఇందిరాపురంలో, పదకొండో అంతస్తు. నా ఉద్యోగం ఏమిటో చుట్టాలకు చెప్పడం మానేసి చాలా కాలమైంది. ఉపగ్రహాలతో భూమి బరువు చూస్తానని చెబితే, మా పెదనాన్న "ఎందుకమ్మా, అమ్ముతారా ఏమి?" అని అడిగాడు. మాది అనంతపురం వైపు. అక్కడ భూమి అంటే అమ్ముకోవడమో, బోరు వేయించుకుని ఏడవడమో, రెండే.

నిజానికి చెప్పడం పెద్ద కష్టమేమీ కాదు. పైన రెండు ఉపగ్రహాలు ఒకే దారిలో తిరుగుతుంటాయి. ముందొకటి, వెనకొకటి. మధ్య ఎడం ఇక్కణ్ణించి జైపూరు అంత. కింద నేల బరువుగా ఉన్నచోటు దగ్గరికి రాగానే ముందున్నదాన్ని భూమి కాస్త గట్టిగా లాగుతుంది. అది ఉరుకుతుంది, ఎడం పెరుగుతుంది. తర్వాత వెనకదాని వంతు. ఆ ఎడంలో మార్పు వెంట్రుక మందం కంటే ఎంతో తక్కువ. అయినా కొలుస్తాయి. నెలంతా తిరిగిన కొలతలు కలిపితే భూమి ఎక్కడ ఎంత బరువుందో ఒక పటం వస్తుంది. కొండలు నెలనెలా కదలవు కదా. కాబట్టి నెలనెలా మారే బరువు చాలావరకు నీళ్ళదే. పంజాబు నుంచి ఢిల్లీ దాకా ఏళ్ళ తరబడి నేలలోంచి తోడిన నీళ్ళకు ఆ మేరకు భూమి లాగడం తగ్గింది. నిలబడ్డవాడి కాలికి అది తెలియదు, పైనున్న ఆ రెంటికి తెలుస్తుంది. నా కడుపు నిండేది ఆ పని వల్లే.

ఇందులో రెండు చిక్కులున్నాయి. రెండూ తెలిస్తేగాని నాకు జరిగింది అర్థం కాదు. ఒకటి, వాటి చూపు మోటు. పటంలో ఒక గడి అంటే ఢిల్లీ, ఘాజియాబాద్, నోయిడా అన్నీ కలిపి ఇంకా చోటు మిగిలేంత. మా అపార్టుమెంటు కింద నీళ్ళున్నాయా అని దాన్ని అడగడం బుద్ధిలేని పని. రెండోది సున్నా. ఈ పటాలు నీళ్ళు ఎన్ని ఉన్నాయో చెప్పవు. మామూలు కంటే పెరిగాయా, తగ్గాయా అని మాత్రమే చెబుతాయి. మామూలు అంటే ఏ ఏళ్ళ సగటు? అది మనం పెట్టుకోవాలి. దాన్నే మేము సున్నా అంటాం. అంతకంటే ఎక్కువుంటే నీలం, తక్కువుంటే ఎరుపు. ఏ ఏళ్ళు సున్నాగా పెట్టామో పటం కింద ఎడమ మూలన రాస్తాం. కుడి మూలన పేరు, ఎడమ మూలన సున్నా. ఈ రెండు మూలలూ గుర్తుంచుకోండి.

ఇక అన్న సంగతి. సొంత అన్న కాదు. నేను ఢిల్లీకి చదువుకు వచ్చి బేర్ సరాయ్‌లో గది తీసుకున్నప్పుడు పక్క మేడ మీద ఉండేవాడు. గోదావరి జిల్లా మనిషి, సివిల్స్‌కు చదువుతుండేవాడు. ఆ సందులో రెండు మేడల మధ్య చెయ్యి చాపితే అవతలి గోడ తగులుతుంది. కిటికీలోంచే ఆవకాయ సీసాలు చేతులు మారేవి. మొదటి చలికాలం నాకు టైఫాయిడ్ వచ్చింది. ఆయనే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. మూడు రోజులు ఆ ఇనప బెంచీ మీద కూర్చుని, మెస్సు వంటాయన్ని బతిమాలి గంజి కాయించి తెచ్చాడు. మూడో రోజు ఆయనకు పరీక్ష. హాల్లోంచి నేరుగా నా మంచం దగ్గరికి వచ్చాడు. ఆ ఏడు పోయింది. తర్వాతి ఏళ్ళూ పోయాయనుకోండి, కానీ ఆ ఏడు పోవడానికి నేనే కారణమని నాకు లోపల ఉండేది. ఆయన మాత్రం ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. నా పెళ్ళిలో అన్న చెయ్యాల్సిన పనులన్నీ ఆయనే చేశాడు. తర్వాత నోయిడాలో ఒక కన్సల్టెన్సీలో కుదురుకున్నాడు. ఇందిరాపురంలో ఫ్లాటు కొనుక్కుని, పక్క టవర్లో ఖాళీ ఉందని నన్ను లాక్కొచ్చిందీ ఆయనే. రెండేళ్ళుగా మా అపార్టుమెంట్ల సొసైటీకి సెక్రటరీ. మా అమ్మాయి ఆయన్ని మామూ అంటుంది.

మా ఇంట్లో వంట చేసే ఆమె మా సొసైటీ వెనక గోడ అవతలి గల్లీలో ఉంటుంది. నేను ఆమెను దీదీ అంటాను, ఆమె నన్ను భాభీ అంటుంది. ఆ గల్లీలో రెండు చేతిపంపులు ఉండేవి. రోడ్డవతలి సొసైటీవాళ్ళు లోతు బోరు వేసి పెద్ద మోటారు పెట్టాక, అటువైపు పంపు నెల తిరక్కుండా ఎండిపోయింది. మిగిలింది ఒక్కటే. గల్లీ అంతటికీ అదే.

కిందటి ఎండాకాలం మాకూ నీళ్ళకు కటకట వచ్చింది. పైపుల్లో వచ్చే సర్కారు గంగనీళ్ళు రోజు విడిచి రోజు, అదీ గంటసేపు. ట్యాంకర్ల కోసం గేటు దగ్గర కొట్లాటలు. ఒక రోజు దీదీ పప్పు కడుగుతూ కడుగుతూ ఆగి అడిగింది. "భాభీ, మీ సొసైటీలో కూడా బోరు మిషను తెస్తున్నారని గార్డు అంటున్నాడు. సచ్ హై క్యా? మా ఒక్క పంపూ పోతుంది."

"అరె, లేదు దీదీ. సెక్రటరీ మా అన్నే కదా. ఉండు, నీ ముందే అడుగుతాను," అన్నాను.

ఆమె ఎదురుగానే ఫోను చేసి స్పీకరు పెట్టాను. "అన్నా, బోరు వేస్తాండారంట, నిజమేనా? వెనక గల్లీలో ఉండేది ఒక్కటే పంపు. వాళ్ళు యాడికి పోవాల?"

"ఛ ఛ, ఎవరన్నారే? నేనుండగా అలాంటి పని జరుగుద్దా? నువ్వు నిశ్చింతగా ఉండవే," అన్నాడు. ఏదో జోకు కూడా వేశాడు, నేను గట్టిగా నవ్వాను. ఫోను పెట్టేసి దీదీతో హిందీలో చెప్పాను, బోరు లేదు, ఏమీ లేదు, నాది హామీ అని. ఆమె "అచ్ఛా" అని మళ్ళీ పప్పు కడగడంలో పడింది.

వానలు పోయాక అన్న నన్ను ఒక పని అడిగాడు. ఆదివారం పొద్దున క్లబ్‌హౌస్‌లో పిల్లలకు నా ఉపగ్రహాల గురించి చెప్పాలట. "మన సొసైటీలో ఇంత పెద్ద సైంటిస్టు ఉందని ఎవడికీ తెలీదే. పిల్లలకి తెలియాలి కదా," అన్నాడు. నేను పొంగిపోయాను. ఎందుకు అబద్ధం చెప్పాలి, బాగా పొంగిపోయాను. వారం రోజులు కూర్చుని స్లైడ్లు తయారు చేశాను. సమోసాలు, ఫ్రూటీలు, నలభై మంది పిల్లలు, వెనక వాళ్ళ అమ్మానాన్నలు. ముందు వరుసలో అన్న.

సున్నా సంగతి చెప్పడానికి మా ఇంటి తూకం కథ చెప్పాను. మా బాత్రూంలో పాతకాలపు ముల్లు తూకం ఉంది. పక్కన చిన్న చక్రం తిప్పితే ముల్లు సున్నాకు వెనక్కి పోతుంది. మా ఆయన ఆ చక్రం తిప్పి, పైకెక్కి, నాలుగు కిలోలు తగ్గానని ఇంటిల్లిపాదికీ చాటుతాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. మా ఆయన తల దించుకున్నాడు.

అప్పుడు రెండు పటాలు పక్కపక్కన చూపించాను. రెండింటిలోనూ అదే నెల, అవే అంకెలు. మొదటి దానిలో సున్నా అంటే ఉపగ్రహాలు కొత్తగా పైకి వెళ్ళిన నాటి ఏళ్ళ సగటు. అందులో మన గడి ఎర్రగా ఉంది. రెండో దానిలో సున్నాను ఈమధ్యటి మూడేళ్ళకు జరిపాను. అంటే అప్పటికే తోడేసి ఖాళీ చేసిన ఏళ్ళన్నమాట. పైగా చూపించిన నెల వానలు వెలిసిన నెల. ఇంకేం, మన గడి నిగనిగలాడే నీలం. ఎవరైనా చూస్తే కింద నీళ్ళు పొంగి పొర్లుతున్నాయనుకుంటారు.

"ఆంటీ, సెకండ్ వాలా చీటింగ్ హై!" అని ఒక పిల్ల అరిచింది.

"శెభాష్. చీటింగే. అందుకే పటం చూడగానే ముందు ఎడమ మూల చూడాలి. సున్నా ఎక్కడ పెట్టారో అడగాలి," అన్నాను. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అన్నే. తర్వాత చెయ్యెత్తి అడిగాడు కూడా.

"అయితే అమ్మాయ్, ఆ రెండో పటంలో ఒక్క అంకె కూడా తప్పు కాదన్నమాట?"

"ఒక్కటి కూడా తప్పు కాదన్నా. అదే దాంట్లో ఉన్న గమ్మత్తు," అన్నాను. నేనే అన్నాను, నలభై మంది పిల్లల ముందు, మైకులో.

ఆ సాయంత్రం వాట్సాప్‌లో మెసేజి వచ్చింది. "ఆ రెండో బొమ్మ పంపవే. పిల్లల న్యూస్‌లెటర్‌లో వాడుకోవచ్చా?" నేను కూర తిరగేస్తూ ఒక చేత్తోనే బొమ్మ పంపి, జవాబు కొట్టాను. "నీ ఇష్టమన్నా. నన్ను అడగాల్నా?" పక్కన ఒక నవ్వు బొమ్మ. ఆ జవాబు ఇప్పటికీ నా ఫోనులో ఉంది. తీసేద్దామని చాలాసార్లు అనుకున్నాను. తీసేస్తే పోయేదా?

నెలన్నర తర్వాత, మా అమ్మాయి బడి నుంచి వస్తూనే బ్యాగు కూడా దించకుండా అరిచింది. "మమ్మా, నీచే లిఫ్ట్ కే పాస్ తుమ్హారా మ్యాప్ లగా హై! కలర్ మే!" తల్లి పటం లిఫ్టు దగ్గర అంటించారని దాని మొహం వెలిగిపోతోంది. నేనూ సంబరంగానే కిందికి దిగాను.

నోటీసు బోర్డు మీద సొసైటీవారి బోరు దరఖాస్తు నకలు అంటించి ఉంది. అభ్యంతరాలు ఉంటే ఫలానా ఆఫీసులో తెలుపుకోవాలని కింద రాశారు. దానికి జత చేసిన కాగితం నా రెండో పటం. నిగనిగలాడే నీలం. పైన శీర్షిక కొత్తది. ఈ ప్రాంతంలో భూగర్భజలాలు పెరిగాయని శాస్త్రీయ ఆధారం అట. కుడి మూలన నా పేరు, మా సంస్థ పేరు, చిన్న అక్షరాలతో, చక్కగా. ఎడమ మూల చూశాను. అక్కడ సున్నా లేదు. సరిగ్గా దాని మీద సొసైటీ రబ్బరు స్టాంపు గుండ్రంగా, ఊదారంగులో, ఒత్తి మరీ వేశారు. ముక్కు ఆనించి చూసినా కింద అక్షరం కనపడదు. చేయి జారి పడిన స్టాంపు కాదు అది. ఆ మూలలో ఏముందో, అది కనపడితే ఏమవుతుందో తెలిసినవాడు వేసిన స్టాంపు. ఆ పటం చేతిలో ఉండి, అది తెలిసినవాళ్ళు సొసైటీలో ఇద్దరమే. తెలియజెప్పిన దాన్ని నేను.

మా అమ్మాయి పక్కన నిలబడి ఆ బోర్డుకు ఫోటో తీసుకుంటోంది.

అలాగే పక్క టవరుకు వెళ్ళాను. అన్న సాయంత్రం టిఫిను చేస్తున్నాడు. "రావే రా, పెసరట్టు వేడిగా ఉంది," అన్నాడు.

"ఏందన్నా ఇది? ఎవర్ని అడిగి పెడితివి?"

"నిన్నడిగే కదే పెట్టాను. నీ ఇష్టం అన్నావు."

"పిల్లల పేపర్లో ఏస్తానంటే అంటి. బోరుకని చెప్తివా? అది దొంగ పటమని నీ ఎదురుగానే చెప్తి కదన్నా. పిల్లకాయలకు అర్థమైంది, నీకు కాలేదా?"

ఆయన కంగారు పడలేదు. అదే నాకు ఎక్కువ కాలింది. చెయ్యి కడుక్కుని తుడుచుకుంటూ చెప్పాడు. "చూడు అమ్మాయ్. నేను ఒక్క ముక్క అబద్ధం రాశానా? పటం నీది, అంకెలు నీవి. ఒక్కటీ తప్పు కాదని మైకులో చెప్పిందీ నువ్వే. మొన్న ఎండాకాలం మీ అమ్మాయి స్నానానికి నీళ్ళు లేక బడి మానేసిందని గ్రూపులో గోల పెట్టిందెవరు? ఏదో ఒకటి చెయ్యండి సెక్రటరీ గారూ అని రాసిందెవరు? చేశాను. ఇప్పుడు నన్నంటే ఎలాగే?"

అది నిజం. ఆ మెసేజి కూడా నాదే. అయినా అడిగాను. "వెనక గల్లీవాళ్ళ సంగతేంది? నేనుండగా జరగదంటివి కదన్నా, ఫోనులో. ఆమె ముందే అంటివి."

"అప్పుడలా అనక ఏమనమంటావే, స్పీకర్లో పెట్టి అడిగితే?"

"సరే, నా పేరెందుకు పెడితివి? ఉత్త పటం పెట్టుకోకూడదా?"

"నీ పేరు లేకపోతే ఆ కాగితానికి విలువేవిటే?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, నా వైపు చూడకుండా అన్నాడు. "బేర్ సరాయ్‌లో నీకు జ్వరమొస్తే నేను ఇది నాకేం లాభం అని చూసుకున్నానా? నా పరీక్షేమైపోయింది? ఒక్క కాగితానికి ఇంత రాద్ధాంతమా?"

ఇరవై ఏళ్ళకు పైగా ఆ మాట ఎత్తని మనిషి. ఎత్తడు కాబట్టే ఆయన్ని నెత్తిన పెట్టుకున్నాను. దాన్ని ఇన్నాళ్ళూ భద్రంగా దాచుకుని, సరిగ్గా అవసరమైన రోజున తీశాడు. నేను వచ్చేశాను. మెట్ల మీదే ఏడ్చాను. లిఫ్టు ఎక్కితే ఎవరైనా చూస్తారని.

మర్నాడు సెలవు పెట్టి, అభ్యంతరం రాసుకుని ఆ అనుమతుల ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి ఉద్యోగి పెద్దమనిషే. కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. నా కాగితం చదివి, ఫైలులోంచి పటం తీసి బల్ల మీద పెట్టాడు.

"మేడమ్, ఈ మ్యాప్ నకిలీదా?"

"కాదు."

"ఆప్ కా హీ హై?"

"నాదే."

"నంబర్లేమైనా గలత్ ఉన్నాయా?"

"లేవు. కానీ సున్నా..."

"తో ఫిర్ ప్రాబ్లమ్ క్యా హై?"

అరగంట చెప్పాను. సున్నా గురించి చెప్పాను, గడి సైజు గురించి చెప్పాను, ఇంత పెద్ద గడి చూసి ఒక గోడ వెనక పంపు గురించి ఏమీ అనలేమని చెప్పాను. మా ఆయన తూకం కథ కూడా చెప్పాను. ఆయన నవ్వాడు కూడా. తర్వాత పెన్ను తీసి నా అభ్యంతరం ఫారంలో, ఆఫీసువాళ్ళు రాసే గడిలో, ఒక వాక్యం రాశాడు. పటం తనదేననీ, అంకెలు సరైనవేననీ శాస్త్రవేత్త స్వయంగా ధ్రువీకరించారు.

"మిగతాది కూడా రాయండి సార్," అన్నాను.

ఆయన నిజంగానే బాధగా ఆ గడి చూపించాడు. "జగహ్ నహీ హై, మేడమ్." అందులో ఒక్క వరుసకే చోటుంది.

నేను అడ్డుకోవడానికి వెళ్ళి ఆ పటానికి నా చేతులతో ముద్ర వేసి వచ్చాను. పైగా పిల్లల బొమ్మ మీద సంస్థ పేరు ఎందుకు వేశావని మా ఆఫీసులో నాకు మెమో ఇచ్చారు. తలకొట్టేసినట్టయింది. పటం మీద పేరు వేయడం నేర్పిన మా పెద్దాయన రిటైరై వెళ్ళిపోయాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆయన మొహం చూడలేకపోయేదాన్ని.

చలి తగ్గుతున్న రోజుల్లో బోరు లారీ వచ్చింది. రెండు రోజులు పట్టపగలు గుయ్యిమని తవ్వింది. బూడిదరంగు బురద మా పార్కింగు నిండా పారింది. నీళ్ళు పడగానే కమిటీవాళ్ళు కొబ్బరికాయ కొట్టి లడ్డూలు పంచారు. మా ఇంటికి కూడా ఒక పొట్లం వచ్చింది. అవతల పారేశాను. నీళ్ళు మాత్రం వాడుకున్నాను. కొళాయి తిప్పితే వచ్చేవి అవే, వాటిని పారేసి ఏం తాగను?

హోలీ వెళ్ళిన వారానికి గల్లీలో పంపు దగ్గు మొదలుపెట్టిందని దీదీ చెప్పింది. ముందు కాస్త ఇసుక వచ్చింది. తర్వాత గాలి. తర్వాత ఎంత కొట్టినా చప్పుడే. ఆ నెల ఉపగ్రహాల పటం వచ్చినప్పుడు మన గడి చూశాను. పెద్ద తేడా ఏమీ లేదు. ఉండదని నాకు తెలుసు. అయినా చూశాను, ఎందుకో మరి.

దీదీ రోజూ ఒక ఇరవై లీటర్ల డబ్బా తేవడం మొదలుపెట్టింది. వంట అయ్యాక మా కొళాయి దగ్గర నేనే నింపి, లిఫ్టు దాకా మోసిచ్చేదాన్ని. పటం సంగతి ఆమెకు చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని జరిపాను. చెప్పాలంటే ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తెలిసేది కాదు. పిరికితనం అంటే అదే, ఇంకేమీ కాదు.

ఒక రోజు పొద్దున డబ్బా లేకుండా వచ్చింది.

"డబ్బా తేలేదేం దీదీ?"

"ఇక అవసరం లేదు భాభీ. గోడకు మా వైపున నల్లా పెట్టించారు. పొద్దున ఒక గంట వస్తాయి. మీ భాయీసాబే పెట్టించారు." పిండి డబ్బా దించుకుని పళ్ళెంలో పోసింది. "ఆయన చాలా మంచివాడు భాభీ. మా గల్లీకి వచ్చి అందరి ముందూ చేతులు జోడించాడు. 'నేను బోరు వద్దనే అన్నాను, కానీ కింద నీళ్ళు బోలెడున్నాయని సైన్సు మేడమ్ రాసిచ్చింది, ఇక నా చేతుల్లో ఏముంది' అన్నాడు. కాగితం కూడా చూపించాడు. మా పిల్ల మీ పేరు చదివింది."

కోపంగా చెప్పలేదు ఆమె. నీళ్ళు పోసుకుని పిండి తడుపుతూ, ఎవరి కబురో చెబుతున్నట్టు చెప్పింది. నిలువునా ముంచాడు. ముంచి, గట్టున నిలబడి దండం కూడా పెట్టించుకున్నాడు.

నేను గబగబా మొదలుపెట్టాను. పటం నాదే కానీ అది పిల్లలకు చూపించిందని, అబద్ధం ఎలా చెబుతారో చూపించడానికే గీశానని, సున్నా ఉన్నచోట స్టాంపు వేశారని, నేను ఆఫీసుకు వెళ్ళి గొడవ పడ్డానని. నా హిందీ తడబడింది. నాకే నా మాటలు దొంగ మాటల్లా వినిపించాయి. ఆమె పిండి పిసకడం ఆపకుండా అంతా వింది.

"ఆ రోజు నీ ఎదురుగానే కదా ఫోను చేశాను దీదీ. బోరు లేదని ఆయనే అన్నాడు. నువ్వూ విన్నావు కదా," అన్నాను చివరికి.

అప్పుడు తలెత్తి నా వైపు చూసింది.

"విన్నాను భాభీ. కానీ మీరిద్దరూ మీ భాషలో కదా మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకేం తెలుసు? మీరు నవ్వడం మాత్రం చూశాను."

మళ్ళీ పిండి మీదికి వంగింది. కాసేపటికి, రొట్టెలు ఎన్ని చెయ్యాలని అడిగింది.